గుట్ట మీది మొక్కు, గుట్ట కింది చరిత్ర

ఉత్తరపు గుట్టల చరిత్ర: తొమ్మిదో భాగం

గత భాగంలో కంటోన్మెంటు పుట్టుక గురించి చెప్పుకున్నాం. 1798 సంధి తర్వాత ఇంగ్లీషు కంపెనీ పటాలాలు హుస్సేన్ సాగర్‌కు ఉత్తరాన దిగడం, 1806లో ఆ దండుకు మూడో నిజాం సికందర్ జా పేరు మీద సికింద్రాబాద్ అని పేరు రావడం, అది తిరుమలగిరి మీదుగా బొల్లారం దాకా పెరగడం చూశాం. ఆ దండు అంచున, మిలిటరీ భూములను ఆనుకుని ఉన్న పాత ఊరు యాప్రాల్. ఈ భాగంలో యాప్రాల్‌ను నడుమ పెట్టుకుని నాలుగు దిక్కులా చూద్దాం. తూర్పున కీసరగుట్ట, అక్కడ రామలింగేశ్వరుడు. దక్షిణాన మౌలాలి గుట్ట, దాని నెత్తిన హజ్రత్ అలీ పేరిట వెలసిన దర్గా. పడమట బొల్లారంలో హోలీ ట్రినిటీ చర్చి. ఉత్తరాన శామీర్‌పేట చెరువు దగ్గర కట్టమైసమ్మ. నాలుగూ ఒక్క పూటలో చూసి రాగల దూరంలోనే ఉన్నాయి. కాని వాటి వయసుల మధ్య దాదాపు పదిహేను వందల ఏళ్ల తేడా ఉంది. నాలుగు చోట్లా ఇవాళ్టికీ జనం మొక్కుకుంటున్నారు, దండం పెడుతున్నారు, దువా చేస్తున్నారు, ప్రార్థిస్తున్నారు.

ఇలాంటి చోట్లను దేశపు వారసత్వం అంటాం. ఆ మాట అనడం తేలిక. అర్థం తేల్చుకోకుండా అనడం వల్లే ఈ చోట్లకు ఎక్కువ నష్టం జరిగింది. మన దగ్గర ఆ మాటకు రెండు అర్థాలు చలామణిలో ఉన్నాయి. శిల్పసౌందర్యం ఉన్న గొప్ప కట్టడమే వారసత్వం అనేది ఒకటి. ఏ మతం వాళ్ల స్థలం ఆ మతం వాళ్ల గర్వకారణం, దేశం వాటన్నిటి మొత్తం అనేది రెండోది. మొదటి లెక్కన రామప్ప గుడికీ చార్మినార్‌కూ చోటు దొరుకుతుంది, మన నాలుగింటిలో ఒక్కదానికీ దొరకదు. రెండో లెక్కన ప్రతి స్థలమూ దాని భక్తుల సొంత ఆస్తిగా మిగిలిపోతుంది, మిగతావాళ్లకు దానితో పని ఉండదు. నేను ఈ రెండింటినీ ఒప్పుకోను. ఈ నేల మీద ఎవరు బతికారు, ఎవరు పాలించారు, ఎవరు రాయి కొట్టారు, ఎవరు ఎక్కడి నుంచి నడిచి వచ్చారు అనే సంగతులు పొరలు పొరలుగా నిలిచి ఉన్న చోటు కనుకనే మత స్థలం దేశానికంతటికీ చెందుతుంది. ఆ చోటును ఇన్నాళ్లూ నిలబెట్టింది భక్తి. భక్తి లేకపోతే అది ఎప్పుడో చదునయ్యేది. అయితే ఆ పొరలను కాపాడే పని భక్తిది కాదు. ఆ పని పౌరులది, ప్రభుత్వానిది. ఇదే ఈ భాగంలో చెప్పదలచుకున్నది. దీనికి సాక్ష్యాలు ఈ నాలుగు దిక్కుల్లోనే ఉన్నాయి.

ముందు కీసర. గుట్ట ఎక్కే భక్తుడికి కనిపించేది రామలింగేశ్వరాలయం, కొండ మీద ఇక్కడొకటి అక్కడొకటి ఆరుబయట నిలిచిన శివలింగాలు, హనుమంతుడి విగ్రహం, తిరుమల తిరుపతి దేవస్థానం నడిపే వేద పాఠశాల. మహాశివరాత్రికి లక్షల మంది వస్తారు. వీటి కిందా, వీటి చుట్టూ ఒక కోట ఉంది. గత శతాబ్దపు చివరి దశాబ్దాల్లో రాష్ట్ర పురావస్తు శాఖ ఇక్కడ తవ్వకాలు జరిపినప్పుడు కోట గోడలు, పెద్ద పెద్ద ఇటుకలతో కట్టిన నివాసాల పునాదులు, చిన్న చిన్న చతురస్రపు ఇటుక గుళ్లు, నాణేలు, పూసలు, ఇనుప పనిముట్లు బయటపడ్డాయి. ఇవి విష్ణుకుండినుల కాలానివని, అంటే స్థూలంగా క్రీ.శ. నాలుగు నుంచి ఆరు శతాబ్దాల మధ్యవని చరిత్రకారుల నిర్ణయం. కాకతీయులకు ఏడు వందల ఏళ్ల ముందే, గోల్కొండ సుల్తానులకు వెయ్యేళ్ల ముందే, ఇవాళ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఉన్న ఈ గుట్ట ఒక రాజ్యానికి ముఖ్యమైన కేంద్రం. హైదరాబాద్ చరిత్ర 1591లో మొదలైందని చదువుకునే పిల్లలకు ఈ ఒక్క సంగతి చెబితే చాలు, నగరం మీద వాళ్ల చూపే మారిపోతుంది.

ఆ విష్ణుకుండినుల మత జీవితం చూస్తే, ఇవాళ మనం గీసుకునే గీతలు వాళ్లకు లేవని తెలుస్తుంది. వాళ్ల శాసనాలు తమను శ్రీపర్వతస్వామి పాదసేవకులుగా చెప్పుకుంటాయి. రెండో మాధవవర్మ పదకొండు అశ్వమేధాలు చేశాడని గొప్పగా చాటుకుంటాయి. అదే వంశంలోని గోవిందవర్మ బౌద్ధ విహారాలను పోషించాడు. తుమ్మలగూడెంలో దొరికిన తామ్ర శాసనాలు, అతని రాణి పరమమహాదేవి పేర వెలసిన మహావిహారానికి ఇచ్చిన దానాన్ని చెబుతాయి. ఇంకా దగ్గరి సాక్ష్యం హైదరాబాద్ నడిబొడ్డునే ఉంది. మూసీ ఒడ్డున చైతన్యపురిలో, నరసింహస్వామి గుడి ఉన్న చిన్న గుట్ట మీద, బండ మీద చెక్కిన ప్రాకృత శాసనం గోవిందరాజ విహారాన్ని పేర్కొంటుంది. భిక్ష మీద బతికే సన్యాసుల ప్రస్తావన కూడా అందులో ఉంది. అంటే బౌద్ధ విహారం ఉన్న చోటే తర్వాత నరసింహుడు వెలిశాడు. విహారం పోయింది, బండ మిగిలింది. గుట్ట మీద గుడి ఉంది కాబట్టే ఆ బండ మిగిలిందని నా నమ్మకం. చుట్టూ దిల్‌సుఖ్‌నగర్ ఎలా కమ్ముకుందో చూసినవాళ్లకు దీనికి వేరే రుజువు అక్కర్లేదు.

కీసరలోనే ఒక బండ మీద, బ్రాహ్మీ లిపిలో, రాతిని తొలిచే పనివాళ్లను సూచించే చిన్న శాసనం ఉంది: ‘తొలచువాండ్రు’. తెలంగాణలో దొరికిన అతి పాత తెలుగు ఆనవాళ్లలో దీన్ని ఒకటిగా లెక్కిస్తారు. రాజులు సంస్కృతంలో, ప్రాకృతంలో శాసనాలు వేయించుకుంటున్న కాలంలో ఉలి పట్టినవాళ్ల పేరు వాళ్ల భాషలోనే బండకెక్కింది. తెలుగు నేల చరిత్రలో ఇంత విలువైన అక్షరాలు చాలా తక్కువ. యాత్రా స్థలం ఎవరి వారసత్వం అని అడిగేవారికి ఈ బండే మొదటి జవాబు. దేవుడు శైవుల దేవుడు కావచ్చు, కట్టించింది రాజు కావచ్చు, కట్టింది మాత్రం ఈ చుట్టుపక్కల రాయి కొట్టుకుని బతికిన జనం. వాళ్ల సంతతి ఇవాళ ఏ కులంలో ఉన్నారో, ఏ మతంలో ఉన్నారో ఎవరూ చెప్పలేరు. అందుకే ఆ గుట్ట మీద హక్కు ఏ ఒక్కరిదీ అనలేం.

ఇక్కడ స్థల పురాణం సంగతి కూడా మాట్లాడాలి. రావణుణ్ణి చంపిన పాపం పోగొట్టుకోవడానికి రాముడు ఇక్కడ శివుణ్ణి ప్రతిష్ఠించదలిచాడనీ, కాశీ నుంచి లింగం తెమ్మని హనుమంతుణ్ణి పంపాడనీ, ముహూర్తం దాటిపోతుంటే శివుడే ప్రత్యక్షమై లింగం ఇచ్చాడనీ, ఆలస్యంగా 101 లింగాలతో వచ్చిన హనుమంతుడు కోపంతో వాటిని గుట్ట మీద చెల్లాచెదురుగా విసిరేశాడనీ కథ. కేసరి కొడుకు పేరున ఇది కేసరిగిరి అయిందంటారు. చరిత్ర రాసేవాళ్లు చాలామంది ఈ కథను పక్కకు నెడతారు. భక్తులు కొందరు తవ్వకాలను పక్కకు నెడతారు. రెండూ తొందరపాటే. తవ్వకాల్లో తేలింది ఏమిటి? ఈ గుట్ట మీద ఒక్క గుడి కాదు, అనేక చిన్న శివాలయాలు ఉండేవని. రాజ్యం పోయింది, ఇటుక గుళ్లు కూలాయి, గోడలు మట్టిలో కలిశాయి, లింగాలు మాత్రం ఎక్కడివక్కడ ఎండకూ వానకూ నిలిచాయి. తర్వాతి తరాల జనం గుట్ట ఎక్కి చూస్తే నలుదిక్కులా లింగాలే. ఇన్ని ఎందుకు ఉన్నాయని అడిగితే చెప్పడానికి ఒక కథ కావలసి వచ్చింది. హనుమంతుడు విసిరేశాడన్న కథ ఆ ప్రశ్నకు పుట్టిన జవాబై ఉంటుందని నేననుకుంటాను. అలా చూస్తే పురాణం చరిత్రకు శత్రువు కాదు. పురావస్తు శాఖ పుట్టక ముందు, ఆ శిథిలాలను గమనించి గుర్తు పెట్టుకున్న జనం చూపు అందులో ఉంది. కథ వల్ల లింగాలకు పూజ దక్కింది, పూజ వల్ల లింగాలు దక్కాయి. లింగాల వల్ల గుట్ట దక్కింది.

గుట్ట దక్కడం చిన్న విషయం కాదు. ఈ ప్రాంతపు గ్రానైట్ బండల వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. గత అరవై, డెబ్భై ఏళ్లలో ఎన్ని గుట్టలు కంకరగా మారి రోడ్ల కిందా, అపార్ట్‌మెంట్ల పిల్లర్లలోకీ పోయాయో ఈ దారుల్లో తిరిగే ఎవరికైనా తెలుసు. బండలను కాపాడాలని 1996లో సొసైటీ టు సేవ్ రాక్స్ అనే సంస్థ పుట్టాల్సి వచ్చింది. ఈ విధ్వంసంలోనూ మిగిలిన గుట్టల వైపు చూస్తే, వాటి నెత్తిన గుడో, దర్గానో, జెండానో, పసుపు రాసిన రాయో తరచుగా కనిపిస్తుంది. చట్టం చేయలేని పనిని మొక్కు చేసింది.

మౌలాలి గుట్ట కథ కూడా ఇదే చెబుతుంది, అయితే మరో రాజ్యం కాలంలో. ఇబ్రహీం కుతుబ్ షా దర్బారులో యాకూత్ అనే ఖోజా ఉండేవాడు. 1578లో ఒక రాత్రి అతని కలలోకి ఆకుపచ్చ దుస్తుల మనిషి వచ్చి, మౌలా అలీ పిలుస్తున్నాడని ఈ గుట్ట మీదికి తీసుకుపోయాడట. అక్కడ హజ్రత్ అలీ ఒక బండ మీద చెయ్యి ఆన్చి కూర్చుని ఉన్నాడట. తెల్లారి వెళ్లి చూస్తే బండ మీద అరచేతి గుర్తు ఉందట. సుల్తాను వచ్చి చూసి, ఆ గుర్తున్న రాతిని కమాను కింద నిలబెట్టించాడని సంప్రదాయం. దాని చుట్టూ దర్గా ఏర్పడింది. 484 మెట్లు ఎక్కాలి. రజబ్ నెల 17వ తేదీ ఉర్సుకు ప్రధానమైన రోజు. చరిత్రకారుడికి ఆసక్తి కలిగించేది ఆ తర్వాతి కథ. 1687లో గోల్కొండ పడిపోయింది. షియా సుల్తానుల స్థానంలో మొగలులు, వాళ్ల తర్వాత సున్నీలైన ఆసఫ్ జాహీలు వచ్చారు. రాజ్యాధికారంతో పుట్టిన స్థలం రాజ్యంతోనే పోవాలి. మౌలాలి పోలేదు. రెండో నిజాం కాలానికి ఈ ఉర్సు రాజధాని నుంచి దర్బారంతా తరలివచ్చే పెద్ద ఉత్సవమైంది. దారి పొడవునా బంగళాలు, తోటలు, బావులు వెలిశాయి. గుట్టను చేరే బాట మీద ఉన్న మౌలాలి కమాను ఆ రాకపోకలకు గుర్తు.

గుట్ట కింద ఉన్న తోట సమాధి గురించి ఆగి చెప్పాలి. కవయిత్రి, గాయని, నర్తకి మహలఖా బాయి చందా (1768–1824) తన తల్లి కోసం దీన్ని 1792లో కట్టించింది. తర్వాత తనూ అక్కడే ఖననమైంది. ఉర్దూలో పూర్తి దీవాన్ (కవితా సంపుటి) వెలువరించిన తొలి స్త్రీలలో ఆమె ఒకరు. దర్బారులో జాగీర్లు పొందిన తవాయిఫ్ ఆమె. మౌలా అలీ భక్తురాలు. ఆమె సమాధి దర్గాకు దగ్గర్లో ఎందుకు ఉంది? భక్తితో. మరి అది ఇవాళ ఎందుకు ముఖ్యం? ఒక తవాయిఫ్ తన సంపాదనతో, తన పేరుతో కట్టించిన నిర్మాణం దక్కనులో ఎన్ని ఉన్నాయో వెతికితే తెలుస్తుంది. యాత్రా స్థలాల చుట్టూ ఇలాంటి జీవితాలు పేరుకుంటాయి. ఆ సమాధి చాలా కాలం నిర్లక్ష్యంలో ఉండి, 2010 ప్రాంతంలో అమెరికా ప్రభుత్వ సాంస్కృతిక నిధి సాయంతో మరమ్మతు పొందింది. మన ఆస్తికి పై దేశపు డబ్బు కావలసి రావడం మనకు గౌరవం కాదు.

బొల్లారం చర్చి గురించి ఎక్కువ చెప్పను, దాని రుజువు సూటిది. 1847లో ప్రతిష్ఠించారు. ఇంగ్లాండు రాణి విక్టోరియా సొంత డబ్బు ఇచ్చింది, నిజాం భూమి ఇచ్చాడు. 1983 నవంబరు 20న రెండో ఎలిజబెత్ రాణి తన పెళ్లి రోజున ఇక్కడ ప్రార్థనకు హాజరైంది. ఇది పరాయి దండు అధికారుల కోసం కట్టిన చర్చి, దీన్ని మన వారసత్వం అనడమెందుకని అడిగేవాళ్లున్నారు. నిజమే, అది మనల్ని ఏలిన సైన్యం కట్టుకున్న చర్చి. అయితే 1798 నాటి ఆ సైన్య సహకార సంధి ఈ నేల మీద ఏం చేసిందో, నిజాం స్వతంత్రం ఎంతవరకో, ఆ భూమి దానంలోనే ఉంది. అది పుస్తకంలో చదివేదానికన్నా గట్టి సాక్ష్యం. స్వాతంత్ర్యం వచ్చిన ఆరు వారాలకు, 1947 సెప్టెంబరు 27న, దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) ఏర్పడింది. దండు చర్చి ఆ సంఘంలో, మెదక్ అధ్యక్ష మండలం కింద, ఈ దేశపు క్రైస్తవుల చర్చి అయింది. మనకు నచ్చిన గతాన్నే దాచుకుని, నచ్చనిదాన్ని వదిలేస్తే మిగిలేది చరిత్ర కాదు, పొగడ్త.

శామీర్‌పేట కట్టమైసమ్మ దగ్గర ఈ వాదానికి అసలైన పరీక్ష. ఇక్కడ చూడదగ్గ ప్రాచీన శిల్పమేదీ అక్కర్లేదు. తెలంగాణ చెరువులన్నిటి మీదా ఉన్నట్టే, కట్టను కాచే తల్లి ఈమె. వాన కుండపోతగా కురిసిన రాత్రి కట్ట తెగకుండా ఆమె నిలుస్తుందని నమ్మకం. ఆమెకు బోనం, ఆమెకు కోడి, ఆమె దగ్గరే వంట, ఆమె దగ్గరే బంతి భోజనం. తూము, అలుగు, కట్ట, ఆయకట్టు, వాటి మరమ్మతుకు ఊరంతా చేసే పని: వీటన్నిటికీ కలిపి ఒక దేవత. కాబట్టి మైసమ్మ వారసత్వం గుడి గోడల్లో లేదు, చెరువుతో ఆమెకున్న సంబంధంలో ఉంది. గుడికి పాలరాయి పరిచి, చెరువు శిఖాన్ని ప్లాట్లు చేస్తే ఆ తల్లిని కాపాడినట్టు కాదు. హైదరాబాద్ చుట్టూ చెరువు లేని కట్టమైసమ్మలు ఎందరున్నారో లెక్క తీస్తే మనకే భయం వేస్తుంది.

ఇప్పుడు చట్టం సంగతి. కీసర గుడి దేవాదాయ శాఖ చట్టం కిందికి వస్తుంది. ఉమ్మడి రాష్ట్రంలో 1987లో వచ్చిన ఆ చట్టం దేవుడి ఆస్తినీ, హుండీనీ, పాలకమండలినీ చూస్తుంది. దర్గా ఆస్తులు వక్ఫ్ చట్టం కింద. చర్చి సంఘం ట్రస్టు కింద. చెరువు నీటిపారుదల, రెవెన్యూ శాఖల కింద. పురావస్తు శాఖ చట్టం కింద రక్షణ పొందేది, ప్రకటన జారీ అయిన కట్టడమో నేలో మాత్రమే. అంటే ఒక శాఖ దేవుణ్ణి చూస్తుంది, ఒక శాఖ ఇటుకను చూస్తుంది, ఒక శాఖ నీటిని చూస్తుంది. స్థలాన్ని మొత్తంగా చూసే కన్ను లేదు. ఆ లోటు తీర్చడానికి పట్టణాభివృద్ధి నిబంధనల్లో 1995లో 13వ నియమం వచ్చింది. మతంతో, యాజమాన్యంతో సంబంధం లేకుండా కట్టడాలనూ, బండల గుట్టలనూ జాబితాలో పెట్టింది. మౌలాలి కమాను కూడా ఆ జాబితాలో చేరింది. 2015 డిసెంబరులో ఆ నియమాన్ని తీసేశారు. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. చట్టం రావడం మంచిదే, కాని పాత జాబితాలోని ప్రతి కట్టడానికీ, ప్రతి గుట్టకూ కొత్త చట్టం కింద అంతే రక్షణ దక్కితేనే ఆ మార్పుకు అర్థం. ఆ పని జరిగిందని ఎవరూ నిబ్బరంగా చెప్పలేని స్థితి ఉండకూడదు.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో బలమైనది భక్తుల నుంచే వస్తుంది. గుడి మ్యూజియం కాదు, నిత్యం దీపం వెలిగే చోటు. ఆగమాలే జీర్ణోద్ధరణ చేయమంటాయి. పాతది పడగొట్టి కొత్తది కట్టడం మన సంప్రదాయమే, దానికి అడ్డుపడటం భక్తికి అడ్డుపడటమే అంటారు. ఈ మాటలో న్యాయం ఉంది. జపాన్‌లో ఇసే పుణ్యక్షేత్రాన్ని ఇరవై ఏళ్లకోసారి పూర్తిగా కొత్తగా కడతారు. 2013లో 62వసారి కట్టారు. ప్రపంచమంతా దాన్ని గొప్ప వారసత్వంగానే గౌరవిస్తుంది. 1994లో నారా నగరంలో నిపుణులు కూడి, అసలుదనం అంటే పాత పదార్థం ఒక్కటే కాదని, ఆ సంస్కృతి తనకు తాను చెప్పుకునే అర్థం కూడా చూడాలని పత్రం రాసింది ఇలాంటి ఉదాహరణల వల్లే. అయితే ఇసేలో ఏం నిలుస్తోంది? అదే కొలత, అదే కలప, అదే వడ్రంగం. ప్రతి ఇరవై ఏళ్లకూ కొత్త తరం ఆ పని చేతికి నేర్చుకుంటుంది. మన ఊళ్లలో జీర్ణోద్ధరణ పేరిట జరిగేదానిలో రాతి మండపం పోయి కాంక్రీటు స్లాబు వస్తుంది, చెక్కడం మీద ఎనామిల్ రంగు పడుతుంది, శాసనం ఉన్న బండ మెట్టుగానో పునాదిగానో మారిపోతుంది. రాయీ పోయింది, రాయి పని తెలిసిన చెయ్యీ పోయింది. ఆగమం చెప్పిన పునరుద్ధరణ ఇది కాదు. పాత రాజులు గుడి బాగుచేయిస్తే, చేయించినవాడి పేరు, తేదీ, దానం శాసనంగా వేయించేవారు. ఇవాళ మనం బాగుచేస్తే ముందున్నదానికి ఫొటో కూడా మిగలదు.

పూజా, సంరక్షణా రెండూ ఒకే కప్పు కింద ఉండగలవని రుజువు చేయడానికి దూరం పోనక్కర్లేదు. రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప గుడిలో ఇవాళ్టికీ రుద్రేశ్వరుడికి పూజ జరుగుతుంది, కట్టడాన్ని కేంద్ర పురావస్తు శాఖ చూస్తుంది. 2021 జూలైలో అది యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. హనుమకొండ వేయి స్తంభాల గుడి కల్యాణ మండపాన్ని రాయి రాయిగా విప్పి, మళ్లీ నిలబెట్టడానికి దాదాపు రెండు దశాబ్దాలు పట్టింది. ఆలస్యం బాధాకరమే. కాని 2024 శివరాత్రి నాడు తలుపులు తెరిచినప్పుడు భక్తులు అడుగుపెట్టింది కాకతీయుల మండపంలోకే. శ్రీశైలం జలాశయం ముంచెత్తబోయిన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి అలంపురంలో తిరిగి కట్టారు. అంటే మన స్థపతులకూ, ఇంజనీర్లకూ ఈ పని వచ్చు. 1958 నాటి కేంద్ర చట్టం కూడా ఈ పొందిక కోరుతుంది: రక్షిత కట్టడం ప్రార్థనా స్థలమైతే దాని స్వభావానికి విరుద్ధంగా వాడకూడదని 16వ సెక్షన్ చెబుతుంది. పూజను ఆపాలని ఏ చట్టమూ అనలేదు, నేనూ అనను. శివరాత్రికి కీసర వచ్చే లక్షల మందికి నీళ్లు, నీడ, మరుగుదొడ్లు, క్యూలైన్లు కావాలి. వాటిని గుట్ట నెత్తిన కాకుండా కింద కట్టాలనీ, తవ్వే ముందు పురావస్తు శాఖ వచ్చి నేల చూడాలనీ మాత్రమే అంటున్నాను. గునపం దిగాక చూసి లాభం లేదు.

రెండో అభ్యంతరం మరో వైపు నుంచి వస్తుంది. లౌకిక రాజ్యం గుళ్లకూ దర్గాలకూ చర్చిలకూ ప్రజల డబ్బు ఎందుకు పెట్టాలి? రాజ్యాంగం 27వ అధికరణం ఏ మతాన్ని పెంచడానికైనా పన్ను వేయకూడదంటుంది. అదే రాజ్యాంగం 49వ అధికరణంలో జాతీయ ప్రాముఖ్యం ఉన్నవిగా ప్రకటించిన చారిత్రక స్థలాలను కాపాడటం ప్రభుత్వ బాధ్యత అంటుంది. 51ఎ అధికరణంలో మన ఉమ్మడి సంస్కృతిని నిలుపుకోవడం పౌరుడి కర్తవ్యమంటుంది. ఇవన్నీ పొసగాలంటే దారి ఒక్కటే: ప్రభుత్వ సొమ్ము పూజకు పోకుండా పొరకు పోవాలి. కొత్త గోపురానికీ, కొత్త మినారుకూ భక్తుల చందా ఉంది. పాత గోడకూ, శాసనానికీ, చెరువు కట్టకూ చందా ఇచ్చేవాళ్లు దొరకరు. ప్రభుత్వం పట్టించుకోవలసింది వాటినే. ఆచరణలో తరచూ ఇది తలకిందులైంది. కొత్త నిర్మాణాల మీద నిధులు పారాయి, పాత రాళ్లకు కాపలాదారు జీతమైనా దొరకలేదు. ఇది మతాలన్నిటి స్థలాల విషయంలోనూ చెప్పవలసిన మాట.

మూడో అభ్యంతరం అన్నిటికన్నా బరువైనది. పొరలు బయటపెడితే గొడవలు వస్తాయి. కింద ఇంకొకరిది ఉందని తెలిస్తే ఇది మాదే అంటారు. మట్టిలో ఉన్నది మట్టిలోనే ఉండనివ్వడం మేలు అనేవాళ్లలో మంచి మనసున్నవాళ్లూ ఉన్నారు. దేశంలో జరిగినవి చూశాక ఆ భయాన్ని తీసిపారేయలేం. కాని ఈ భయానికి విరుగుడు అజ్ఞానం కాదు. 1991 ప్రార్థనా స్థలాల చట్టం 1947 ఆగస్టు 15 నాటికి ఏ స్థలం ఏ స్వభావంతో ఉందో అలాగే ఉండాలని చెప్పింది. దాని వెనుక ఉన్న ఆలోచన నాకు సరైనదనిపిస్తుంది: గతం తెలుసుకునే హక్కు అందరిదీ, గతం పేరు చెప్పి స్థలం మార్చే హక్కు ఎవరిదీ కాదు. చైతన్యపురి బండ మీది బౌద్ధ శాసనాన్ని చదివినందువల్ల నరసింహస్వామి భక్తులకు కొరత ఏమీ రాలేదు. విష్ణుకుండినుల ఇంట్లోనే అశ్వమేధమూ విహారమూ పక్కపక్కన ఉన్నాయని తెలిసినవాడు, ఈ స్థలం మొదటి నుంచీ ఒక్క మాదే అని బల్లగుద్ది చెప్పలేడు. పొరలు ఎంత లోతుగా తెలిస్తే అంత ఒంటెత్తు హక్కులు పలచబడతాయి. తెలియని చోటే వదంతి రాజ్యమేలుతుంది.

చేయవలసిన పని పెద్ద ఖర్చుతో కూడుకున్నది కాదు. కీసరగుట్టనూ, మౌలాలి గుట్టనూ, శామీర్‌పేట చెరువు కట్టనూ, బొల్లారం చర్చి ఆవరణనూ ఒక్కొక్క స్థలంగా, కట్టడం, నేల, నీరు, బండ, దారి అన్నీ కలిపి సర్వే చేసి పటం గీయాలి. ఆ పటం దేవాదాయ శాఖ, వక్ఫ్ బోర్డు, చర్చి సంఘం, నీటిపారుదల శాఖ, నగర పాలక సంస్థ అందరి బల్లల మీదా ఒక్కటే అయి ఉండాలి. తవ్వకాల్లో దొరికిన వస్తువులు దొరికిన చోటికి దగ్గరగా, భక్తుల దారిలోనే, తెలుగు, ఉర్దూ వివరణలతో కనిపించాలి. మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా బడిపిల్లలు చార్మినార్‌కు పోయేముందు కీసర ఇటుకను చూడాలి.

ఇక పాఠకులకు ఒక విన్నపం. మీ ఊరి గుడికో, మసీదుకో, చర్చికో, మైసమ్మ గద్దెకో మరమ్మతు చేయాలని కమిటీ కూర్చున్నప్పుడు మీరూ వెళ్లండి. చందా ఇవ్వండి. ఇచ్చేటప్పుడే ఒక్క షరతు పెట్టండి: పని మొదలుకాక ముందే ప్రతి రాతికీ, ప్రతి గోడకూ ఫొటో తీయాలి, అక్షరాలున్న బండ కనిపిస్తే కదపకుండా రాష్ట్ర వారసత్వ శాఖకు కబురు చేయాలి.